పద్దుకెక్కని గాయం

కూలిన ఇంటికి, కాలిన చమురు బావికి, విరిగిన వంతెనకు ధర కట్టడం ప్రపంచానికి వచ్చు. యుద్ధంలో ఆడవాళ్ల మీద జరిగిన దాడిని ఏ ఖాతాలో రాయాలి? ఎవరు రాయాలి? ఏ రుజువు అడగాలి? కువైట్ నుంచి ఉక్రెయిన్ దాకా యుద్ధనష్టం లెక్కల వెనక నడిచిన కథ ఇది.

ఐక్యరాజ్యసమితి నష్టపరిహార కమిషన్ 2022 జనవరిలో తన ఆఖరి చెల్లింపు చేసింది. 1990 ఆగస్టు 2న కువైట్‌ను ఆక్రమించిన ఇరాక్ చేత, దాని చమురు రాబడిలోంచే బాధితులకు పరిహారం ఇప్పించడానికి భద్రతామండలి 1991లో పెట్టిన సంస్థ ఇది. దాదాపు 27 లక్షల దరఖాస్తులు పరిశీలించింది. సుమారు 15 లక్షల మంది దరఖాస్తుదారులకు 5,240 కోట్ల డాలర్లు చెల్లించింది. యుద్ధనష్టాన్ని లెక్కగట్టి, వసూలు చేసి, పంచడంలో దీనికి సాటి వచ్చే ఉదాహరణ ఈ కాలంలో మరొకటి లేదు.

అందులో 1,470 కోట్ల డాలర్లు ఒక్క కువైట్ పెట్రోలియం కార్పొరేషన్‌కే వెళ్లాయి. ఇరాక్ సైన్యం వెనక్కి పోతూ 600కు పైగా చమురు బావులకు నిప్పు పెట్టింది. అవి నెలల తరబడి మండాయి. అది నష్టమే, ఎవరూ కాదనరు. అదే పద్దుపుస్తకంలో ‘బి’ కేటగిరీ అని ఇంకొకటి ఉంది. ఒంటికి, మనసుకు తగిలిన తీవ్రమైన గాయాలు, భర్తనో భార్యనో బిడ్డనో తల్లిదండ్రులనో పోగొట్టుకున్నవాళ్ల దరఖాస్తులు అందులోకి వస్తాయి. లైంగిక దాడి వల్ల కలిగిన గాయం కూడా అందులోదే. ఈ కేటగిరీ మొత్తం కింద సుమారు 4,000 మందికి ఇచ్చింది 1.34 కోట్ల డాలర్లు. అంటే కమిషన్ పంచిన ప్రతి నాలుగు వేల డాలర్లలో ఇంచుమించు ఒక్క డాలరు.

కమిషన్‌కు న్యాయం చేయాలంటే ఇంకో మాట కూడా చెప్పాలి. లైంగిక దాడిని యుద్ధనష్టంగా గుర్తిస్తున్నట్టు 1991లోనే నిబంధనల్లో రాసుకున్న సంస్థ అది. రువాండా, యుగోస్లావియా అంతర్జాతీయ న్యాయస్థానాలు అప్పటికి పుట్టనే లేదు. 1994 జూన్‌లో మొట్టమొదటి చెల్లింపులు చేసింది కూడా ‘బి’ కేటగిరీ వాళ్లకే. కంపెనీలు, ప్రభుత్వాలు తమ వంతు కోసం ఆగాల్సి వచ్చింది. మనోవేదనకు విడిగా మరో కేటగిరీలో అడిగే వీలు కూడా ఇచ్చింది. ఖాతా తెరిచారు, ముందు వరసలో నిలబెట్టారు. అయినా ఆ ఖాతా దాకా రాగలిగిన ఆడవాళ్లెందరు?

విమానం జాబితా

కువైట్ అంటే కడప జిల్లాకు, ఉభయ గోదావరులకు పరాయి ఊరు కాదు. అక్కడి ఇళ్లలో వంటకు, పిల్లల్ని చూసుకోవడానికి ‘ఖద్దామా’లుగా వెళ్లిన ఆడవాళ్లు ఈ జిల్లాల్లో ఊరూరా ఉన్నారు. ఆక్రమణ జరిగినప్పుడు కువైట్‌లో, ఇరాక్‌లో చిక్కుకున్న భారతీయుల్ని జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా బొంబాయి చేర్చిన తరలింపు చరిత్రకెక్కింది. లక్షా డెబ్బై వేల మందికి పైగా తిరిగొచ్చారు. దేశం విడిచి పారిపోవాల్సి వచ్చినవాళ్లకు కమిషన్ ‘ఎ’ కేటగిరీ పెట్టింది: ఒక్కరైతే 2,500 డాలర్లు, కుటుంబమైతే 5,000. ఇంకే కేటగిరీలోనూ అడగబోమని ఒప్పుకుంటే 4,000, 8,000. ఈ కేటగిరీలో తొమ్మిది లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. వాటిలో అత్యధికం ఆసియా, అరబ్ దేశాల వలస కూలీలవే.

తొమ్మిది లక్షల దరఖాస్తుల్ని ఒక్కొక్కటిగా విచారించడం అయ్యే పని కాదు. అందుకని కమిషన్ కంప్యూటర్ మీద పేర్లు పోల్చి చూసింది. తరలింపు విమానాల్లో ఎక్కినవాళ్ల జాబితాలు, సరిహద్దు దాటినవాళ్ల నమోదులు ఒక పక్క, దరఖాస్తులు ఒక పక్క. పేరు కలిస్తే డబ్బు వచ్చినట్టే. నష్టపోయినవాడు పత్రాలు వెతుక్కోనక్కర్లేకుండా లెక్కగట్టేవాడే రుజువు వెతకడం చాలా మంచి పద్ధతి. వేలాది పేద కుటుంబాలకు అది ఆసరా అయింది.

అయితే విమానం ఎక్కినవాళ్లకు జాబితా ఉంటుంది. పరాయి ఇంట్లో తలుపు వెనక దాడికి గురైన పనిమనిషికి ఏ జాబితా ఉంటుంది? పాస్‌పోర్టే యజమాని దగ్గర ఉండిపోయిన మనిషి ఆమె. వైద్యం చేయించుకుని ఉండదు, చీటీ ఉండదు. పైగా దరఖాస్తు ఎవరికి వారు జెనీవాలోని కమిషన్‌కు పంపుకునేది కాదు, సొంత దేశ ప్రభుత్వం ద్వారా వెళ్లాలి. తిరిగొచ్చిన ఊళ్లో ఏ అధికారి ముందు, ఏ కాగితం మీద ఆ సంగతి రాసివ్వాలి? ‘ఇంకే కేటగిరీలోనూ అడగను’ అంటే పదిహేను వందల డాలర్లు ఎక్కువొచ్చే చోట, నోరు మెదపకపోవడమే లాభంగా కనిపించి ఉంటుంది. కమిషన్ ఆ ఉద్దేశంతో పెట్టిన నిబంధన కాదు. కానీ నిబంధనలు ఆడవాళ్ల బతుకుని దృష్టిలో పెట్టుకోకుండా రాస్తే ఇలాగే పనిచేస్తాయి.

ఉపగ్రహానికి కనిపించేవి

ఇప్పుడు ఉక్రెయిన్‌కు వద్దాం. ప్రపంచ బ్యాంకు, ఉక్రెయిన్ ప్రభుత్వం, యూరోపియన్ కమిషన్, ఐక్యరాజ్యసమితి కలిసి వేసే యుద్ధనష్టం అంచనాల్లో నాలుగోది 2025 ఫిబ్రవరిలో వచ్చింది. 2024 చివరి వరకు జరిగిన ప్రత్యక్ష విధ్వంసం విలువ 17,600 కోట్ల డాలర్లు. పదేళ్లలో పునర్నిర్మాణానికి కావలసింది 52,400 కోట్ల డాలర్లు. దేశంలోని ఇళ్లలో 13 శాతం దెబ్బతినడమో నేలమట్టం కావడమో జరిగింది. పాతిక లక్షలకు పైగా కుటుంబాలు ఆ నష్టం కిందికి వచ్చాయి. ఒక్క ఇళ్లకే 8,400 కోట్ల డాలర్లు కావాలి.

ఈ లెక్క పద్ధతికి అర్ధశతాబ్దం వయసుంది. 1972లో నికరాగువా రాజధాని మనాగువాను భూకంపం కూల్చేశాక, లాటిన్ అమెరికాకు ఐక్యరాజ్యసమితి పెట్టిన ఆర్థిక సంఘం దీన్ని తయారుచేసింది. కూలిన ఆస్తి విలువ ఒక పద్దు. ఆగిపోయిన రాబడి, పెరిగిన ఖర్చు ఇంకో పద్దు. తిరిగి కట్టడానికి అయ్యేది మూడో పద్దు. ప్రకృతి విపత్తుకు పుట్టిన ఈ కొలబద్దను తర్వాత యుద్ధాలకూ వాడసాగారు. పోరు నడుస్తున్న చోటికి మనుషులు వెళ్లలేరు కాబట్టి ఉపగ్రహ చిత్రాలతో కూలిన కప్పుల్ని లెక్కపెడతారు.

కప్పు కింద ఏం జరిగిందో ఉపగ్రహానికి కనిపించదు.

పిల్లల బడి కూలితే కట్టడం ఖరీదు పద్దుకెక్కుతుంది. ఆ బడి లేక పిల్లాణ్ని ఇంట్లో పెట్టుకుని ఉద్యోగం మానుకున్న తల్లి జీతం? కరెంటు పోయిన అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదో అంతస్తుకు నీళ్ల డబ్బాలు మోసిన చాకిరీ? కాలు పోగొట్టుకుని తిరిగొచ్చిన భర్తకు, మంచాన పడ్డ అత్తగారికి ఏళ్ల తరబడి చేసే సేవ? వీటికి మార్కెట్ ధర లేదు కాబట్టి నష్టమూ లేదన్నట్టు లెక్క నడుస్తుంది. నిజానికి మనాగువా పద్ధతిని తయారుచేసిన సంఘమే 2003లో అచ్చువేసిన తన చేతిపుస్తకంలో స్త్రీల నష్టాన్ని విడిగా లెక్కగట్టాలంది. పెరట్లో పెంచుకునే కోళ్లు, కూరపాదులు, ఇంట్లోనే చేసుకునే చిన్న వ్యాపారం, జీతం లేని ఇంటిచాకిరీ పెరగడం — అన్నిటినీ చేర్చాలని రాసింది. దారి తెలియక ఆగినది కాదిది. అంచనా వేసేవాళ్లకు ఉన్న గడువులో, వాళ్లకు అప్పగించిన పనిలో ఈ పుటలు వెనక్కి పోతుంటాయి.

ఎందుకు పోతాయో ఊహించడం కష్టమేమీ కాదు. సాయం అడిగే ప్రభుత్వానికి పెద్ద అంకె కావాలి. సాయం చేసే దేశాలకు టెండరు పిలవగలిగిన పనులు కావాలి. వంతెన, పవర్ స్టేషన్, రైల్వే లైన్ ఆ రెండు అవసరాలకూ సరిపోతాయి. హింసకు గురైన ఆడవాళ్లు తలదాచుకునే ఆశ్రయానికి అయ్యేది వాటితో పోలిస్తే చాలా చిన్న మొత్తం. అంకె చిన్నదైతే నివేదిక మొదటి పుటలోకి రాదు, బడ్జెట్ చర్చలోకీ రాదు.

ఆస్తి నష్టం లెక్కలోనూ ఆడవాళ్లకు తిరకాసు ఉంది. పరిహారం పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లకు వస్తుంది. రువాండాలో 1994 నరమేధం తర్వాత లక్షల ఇళ్లకు ఆడవాళ్లే దిక్కయ్యారు. భర్త, తండ్రి చనిపోయారు, ఆ భూమి మాత్రం వాళ్లకు దక్కే హక్కు లేదు. ఆడపిల్లలకు వారసత్వంలో సమాన వాటా ఇస్తూ 1999లో చట్టం చేయాల్సి వచ్చింది. ఆ ఐదేళ్లలో నష్టాన్ని ఎంత నిజాయితీగా కొలిచినా, ఆ కొలత మగవాళ్ల పేర్ల మీదే పడి ఉండేది.

“రుజువు ఏది?”

రువాండా పేరు వచ్చింది కాబట్టి నవనీతం పిళ్లై గురించి చెప్పుకోవాలి. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో భారతీయ సంతతి కుటుంబంలో పుట్టిన న్యాయమూర్తి. టాబా అనే ఊరి మేయర్ అకయేసు మీద రువాండా అంతర్జాతీయ న్యాయస్థానంలో కేసు మొదలైనప్పుడు అభియోగాల్లో అత్యాచారం లేనే లేదు. వేరే విషయం మీద సాక్ష్యం చెబుతున్న ఒక స్త్రీ మాటల్లో అది బయటపడింది. ఆ న్యాయస్థానంలో అప్పటికున్న ఒకే ఒక్క మహిళా న్యాయమూర్తి పిళ్లై. ఆమె, మిగతా న్యాయమూర్తులు ప్రశ్నలు వేసుకుంటూ పోయారు. 1997లో అభియోగాలు సవరించారు. 1998 సెప్టెంబరు 2న వచ్చిన తీర్పు, అత్యాచారం కూడా నరమేధానికి ఆయుధం కాగలదని తొలిసారి ప్రకటించింది. ఇంత గొప్ప తీర్పు ఇచ్చిన న్యాయస్థానానికి బాధితులకు పరిహారం ఇచ్చే అధికారం మాత్రం లేదు. శిక్ష వేరు, నష్టం పూడ్చడం వేరు అన్న విభజన అక్కడ స్పష్టంగా కనిపించింది.

ఆ రెండో పనిని కొసావో చేపట్టింది. 1998–99 యుద్ధంలో అక్కడ లైంగిక హింసకు గురైనవాళ్లు 20,000 దాకా ఉంటారని అంచనా. వాళ్లను యుద్ధ బాధితులుగా గుర్తించే చట్ట సవరణ 2014లో వచ్చింది, దరఖాస్తులు తీసుకునే సంఘం 2018లో పనిలోకి దిగింది. నెలకు 230 యూరోల పింఛను పెట్టారు. దరఖాస్తుకు సాయం చేసే బాధ్యతను ఎన్నో ఏళ్లుగా ఆ ఆడవాళ్లతో పనిచేస్తున్న నాలుగు స్వచ్ఛంద సంస్థలకు అప్పగించారు. ఇది చాలా తెలివైన ఏర్పాటు. పదిహేనేళ్లు ఎవరికీ చెప్పని మాటను ఆఫీసు కౌంటర్ దగ్గర చెప్పమంటే ఎవరు చెబుతారు? అయినా వచ్చిన దరఖాస్తులు ఆ అంచనాలో చిన్న భాగమే. పింఛను వస్తుంటే ఇంట్లో, ఊళ్లో సంగతి తెలిసిపోతుందన్న భయం అంత బలమైనది.

2015 జూన్‌లో కొసావో రాజధాని ప్రిష్టినాలోని ఫుట్‌బాల్ మైదానంలో కళాకారిణి అల్కెటా జాఫా-మ్రిపా ఈ బాధితులకు సంఘీభావంగా దండేలు కట్టించి వేలాది గౌన్లు, స్కర్టులు ఆరేయించారు. దేశం నలుమూలల నుంచి ఆడవాళ్లు తెచ్చిచ్చిన బట్టలవి. అప్పటి అధ్యక్షురాలు అతీఫెతె యాహ్యాగా కూడా అందులో పాలుపంచుకున్నారు. మూడేళ్ల తర్వాత, 2018లో, వస్ఫియె క్రస్నీకీ-గుడ్‌మన్ తన పేరు, ముఖం దాచుకోకుండా తన మీద జరిగిన దాడి గురించి టెలివిజన్‌లో మాట్లాడారు. 1999లో పదహారేళ్ల వయసులో ఆమెను ఎత్తుకెళ్లారు. ఆమె నిందితులుగా చూపినవాళ్లను 2014లో కొసావో సుప్రీంకోర్టు వదిలేసింది. తర్వాత ఆమె పార్లమెంటు సభ్యురాలయ్యారు. కొసావోలో ఈ గాయానికి ఖాతా తెరిపించింది ఆర్థికవేత్తలు కాదు, ఇలాంటి మనుషులు.

ఆ చట్టంలోనూ రాజకీయం ఉంది. 1998 ఫిబ్రవరి 27 నుంచి 1999 జూన్ 20 వరకు జరిగిన దాడులకే గుర్తింపు. సెర్బియా సైన్యం వెళ్లిపోయాక దాడికి గురైనవాళ్లు, ముఖ్యంగా సెర్బ్, రోమా స్త్రీలు, ఆ తేదీ అవతల మిగిలిపోయారు. ఒక దేశం తన యుద్ధం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందని రాసుకుంటుందో, ఏ ఆడదాని గాయం గాయమవుతుందో అదే తేలుస్తోంది.

ఇరాక్‌లోని మైనారిటీ వర్గం యజీదీల సంగతి మరో రకం. 2014 ఆగస్టులో సింజార్ మీద పడ్డ ఐసిస్ వేలమంది ఆడవాళ్లను బానిసలుగా అమ్మింది. వాళ్లలో ఒకరైన నాదియా మురాద్‌కు 2018లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 2021 మార్చి 1న ఇరాక్ పార్లమెంటు యజీదీ స్త్రీల చట్టం చేసింది. నెల నెలా జీతం, ఇంటి స్థలం, చదువు, ప్రభుత్వోద్యోగాల్లో వాటా ఇస్తామంది. తుర్క్‌మెన్, క్రైస్తవ, షబక్ స్త్రీలను కూడా చేర్చింది. అమలు దగ్గరికి వచ్చేసరికి దరఖాస్తుతోపాటు క్రిమినల్ ఫిర్యాదు కాగితాలు తెమ్మన్నారు. మానవ హక్కుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. ఏళ్ల తరబడి శిబిరాల్లో బతుకుతున్న ఆడవాళ్లు, కొందరు దేశాలు దాటి వెళ్లినవాళ్లు, ఏ కోర్టుకు వెళ్లి ఆ ఫిర్యాదు నమోదు చేయించాలి? అత్యాచారం వల్ల పుట్టిన పిల్లల గురించి చట్టం మౌనంగా ఉండిపోయింది. బోస్నియాలో అలాంటి పిల్లలకు చట్టంలో చోటు దొరకడానికి యుద్ధం ముగిశాక పాతికేళ్లు దాటింది. ఆ పిల్లలు అప్పటికి పెళ్లిళ్లు చేసుకున్న పెద్దవాళ్లు.

అచ్చుకాని నివేదిక

నష్టం లెక్కగట్టి, ఆ లెక్కను దాచేయడం తెలుగు నేలకు తెలియనిది కాదు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం మొదలుపెట్టిన పోలీసు చర్యకు ముందు రజాకార్లు తెలంగాణ పల్లెల్లో చేసిన హత్యలు, అత్యాచారాలు జనం జ్ఞాపకంలో నిలిచే ఉన్నాయి. ఆ చర్య తర్వాత ముస్లింల మీద జరిగిన హింసను పరిశీలించడానికి పండిత్ సుందర్‌లాల్ నాయకత్వంలో ఒక బృందం ఆ ఏడాది చివర్లో నిజాం సంస్థానంలో తిరిగింది. ప్రాణనష్టం 27,000 నుంచి 40,000 దాకా ఉంటుందని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నాయంది. అత్యాచారాలు, ఆడవాళ్ల అపహరణలు, ఇళ్లూ భూములూ ఆక్రమించడం కూడా రాసింది. ఆ నివేదికను ప్రభుత్వం బయటపెట్టలేదు. దశాబ్దాలు గడిచాక గానీ పరిశోధకుల చేతికి రాలేదు.

ఏ పక్షం ఆడవాళ్లకు జరిగినా అది నష్టమే. ఒక పక్షం కథ రాజకీయ సభల్లో మోగి, ఇంకో పక్షం కథ బీరువాలో పడి ఉంటే పరిహారం మాట అటుంచి, దుఃఖం చెప్పుకునే హక్కు కూడా సగం మందికి పోతుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఆడవాళ్లు ఏం భరించారో ప్రభుత్వ దస్త్రాల కన్నా, స్త్రీశక్తి సంఘటన వాళ్ల నోటి మాటల్ని పోగుచేసి 1986లో వేసిన ‘మనకు తెలియని మన చరిత్ర’లోనే ఎక్కువ తెలుస్తుంది.

బంగ్లాదేశ్ ఇంకో దారి పట్టింది. 1971లో పాకిస్తాన్ సైన్యం చెరిచిన ఆడవాళ్లు రెండు లక్షల మందని కొత్త ప్రభుత్వం చెప్పింది, వాళ్లకు ‘బీరాంగన’ అని గౌరవ నామం ఇచ్చింది. విముక్తి యోధుల పింఛను, గుర్తింపు మాత్రం మగ యోధులకే దక్కాయి. బీరాంగనలను యోధులుగా ప్రకటించడం 2015లో మొదలైంది. మొదటి విడతలో ఆ గుర్తింపు దక్కింది నలభై మందికి కాస్త పైగా. అప్పటికి నలభై నాలుగేళ్లు.

హేగ్‌లో తెరిచిన పుస్తకం

ఉక్రెయిన్ ఈ అనుభవాలన్నీ చూసి మొదలుపెట్టింది. అందుకే అక్కడ కొన్ని పనులు యుద్ధం నడుస్తుండగానే జరిగాయి. గృహహింస, లైంగిక హింసల నుంచి స్త్రీలను కాపాడే ఇస్తాంబుల్ ఒప్పందాన్ని ఏళ్ల తరబడి పక్కన పెట్టిన పార్లమెంటు, 2022 జూన్‌లో ఆమోదించింది. యుద్ధకాల లైంగిక హింస కేసుల కోసం ప్రాసిక్యూటర్ జనరల్ కార్యాలయంలో ప్రత్యేక విభాగం పెట్టారు. నమోదైన కేసులు 300 దాటాయి. రష్యా చెరలో ఉన్న మగ ఖైదీల మీద లైంగిక చిత్రహింసలు పెద్ద ఎత్తున జరిగాయని ఐక్యరాజ్యసమితి పరిశీలకులు తేల్చారు. ఈ ఖాతా ఆడవాళ్ల కోసం తెరిచినదే గానీ అందులోకి రావలసిన మగవాళ్లూ ఉన్నారు. వాళ్లకు సిగ్గు ఇంకా పెద్ద అడ్డు.

ఇరీనా డొవ్హాన్ అనే ఆమెను 2014 ఆగస్టులో దొనెత్స్క్ నడివీధిలో స్తంభానికి కట్టేసి కొట్టారు. ఆ ఫొటో ప్రపంచమంతా చూసింది. ఇప్పుడామె ‘సీమా ఉక్రెయిన్’ అనే బాధితుల సంఘానికి నాయకురాలు. ఇలాంటి సంఘాల ఒత్తిడితోనే, యుద్ధం ముగిసేదాకా ఆగకుండా బాధితులకు 3,000 యూరోల చొప్పున అత్యవసర సాయం ఇచ్చే ఏర్పాటు మొదలైంది. గ్లోబల్ సర్వైవర్స్ ఫండ్ దానికి చేయూతనిచ్చింది. ఇందుకు క్రిమినల్ కేసు పెట్టి తీరాలన్న షరతు లేదు. యజీదీ ఆడవాళ్లకు తగిలిన గోడను ఇక్కడ కట్టనే లేదు. 2024 నవంబరులో లైంగిక హింస బాధితుల హోదా, తాత్కాలిక పరిహారాలపై చట్టం వచ్చింది. 2025 జూన్ నుంచి అది అమల్లో ఉంది.

ఇక పెద్ద పుస్తకం హేగ్‌లో ఉంది. రష్యా చేసిన నష్టాన్ని రాసుకోవడానికి యూరప్ కౌన్సిల్ 2023 మేలో రిజిస్టర్ ఏర్పాటు చేసింది. ఉక్రెయిన్ ప్రజలు ‘దియా’ అనే ప్రభుత్వ యాప్ ద్వారా దరఖాస్తు పెట్టుకుంటారు. 40కి పైగా కేటగిరీలున్నాయి. లైంగిక హింసకు విడిగా ఒక కేటగిరీ ఉంది. కువైట్ కమిషన్‌లో మరణాలు, గాయాలతో కలిపి ఒకే గంపలో వేసినదాన్ని ఇక్కడ పేరు పెట్టి రాశారు. అయితే 2024 ఏప్రిల్ 2న మొట్టమొదట తెరిచింది దెబ్బతిన్న ఇళ్ల కేటగిరీ. ఇళ్ల వివరాలు ప్రభుత్వ కంప్యూటర్లలో ముందే ఉన్నాయి కాబట్టి అది సులువు. సులువైనది ముందు, కష్టమైనది వెనక అన్న క్రమం ఇక్కడా తప్పలేదు.

రిజిస్టర్ రాసుకుంటుందే గానీ డబ్బు ఇవ్వదు. దరఖాస్తుల్ని తేల్చే అంతర్జాతీయ కమిషన్ కోసం 2025 డిసెంబరులో హేగ్‌లో ముప్పైకి పైగా దేశాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. తగినన్ని దేశాల పార్లమెంటులు ఆమోదించాకే అది అమల్లోకి వస్తుంది. డబ్బు ఎక్కణ్నుంచి అన్నది ఇంకా చిక్కుముడే. యూరప్‌లో స్తంభింపజేసిన రష్యా కేంద్ర బ్యాంకు నిధుల మీద అందరి కళ్లూ ఉన్నాయి. ఆ డబ్బు పంచే రోజు వస్తే పవర్ కంపెనీలు, రైల్వేలు, స్టీలు ఫ్యాక్టరీలు లాయర్లతో వరసలో ముందు నిలబడతాయి.

అందుకే కమిషన్ నిబంధనలు రాసే దశలోనే కొన్ని సంగతులు తేలాలి. లైంగిక హింస బాధితులకు చెల్లింపు కంపెనీల కన్నా ముందు జరగాలి. కోర్టు తీర్పు అడగకూడదు. దరఖాస్తు వివరాలు ఊళ్లో ఎవరికీ తెలియని ఏర్పాటు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం గడువు. జపొరీజియా, ఖెర్సన్, దొనెత్స్క్ ప్రాంతాల్లో ఆక్రమణ కింద ఉన్న ఆడవాళ్లు ఇవాళ ఫోన్‌లో ఉక్రెయిన్ ప్రభుత్వ యాప్ తెరవడమే ప్రాణాల మీదికి తెచ్చుకోవడం. కొసావోలో బాధితులు నోరు విప్పడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఈ కేటగిరీకి మిగతావాటితోపాటు ముగిసే తేదీ పెట్టకుండా, ఆయా ప్రాంతాలు విముక్తమయ్యాకే గడువు మొదలయ్యేలా నిబంధన రాయాలి. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి తలుపు తెరిచే ఉంచాలి.